కె-ఏటీపీ చానెల్ (క్లోమ బీటా కణాలు)

క్లోమంలోని బీటా కణాల పొరలో ఉండి, రక్తంలోని గ్లూకోజ్‌ను బట్టి ఇన్సులిన్ విడుదలను నియంత్రించే పొటాషియం మార్గమే కె-ఏటీపీ చానెల్. 1983లో జపాన్ శాస్త్రవేత్త అకినోరి నోమా ఈ రకం చానెల్‌ను గుండె కండర కణాల్లో గుర్తించారు. మరుసటి ఏడాది బీటా కణాల్లోనూ అది ఉన్నట్లు తేలింది. నాలుగు కిర్6.2, నాలుగు ఎస్‌యూఆర్1 ప్రోటీన్లు కలిస్తే ఒక చానెల్. వీటి జన్యువులు కేసీఎన్‌జే11, ఏబీసీసీ8 రెండూ 11వ క్రోమోజోముపై పక్కపక్కనే ఉంటాయి.

పరగడుపున తెరిచి ఉన్న చానెళ్ల గుండా పొటాషియం అయాన్లు బయటికి పోతూ, కణపొర విద్యుత్ పీడనాన్ని సుమారు −70 మిల్లీవోల్టుల వద్ద నిలుపుతాయి. భోజనం తర్వాత కణంలో గ్లూకోజ్ ఖర్చయి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ పెరుగుతుంది, అది ఖర్చయ్యాక మిగిలే ఏడీపీ తగ్గుతుంది. ఏటీపీ కిర్6.2కు అతుక్కోగానే చానెల్ మూసుకుంటుంది. పొర ధ్రువణత తగ్గడంతో కాల్షియం చానెళ్లు తెరుచుకుంటాయి. లోపలికి వచ్చిన కాల్షియం ఇన్సులిన్ రేణువులను వెలుపలికి విడుదల చేయిస్తుంది.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి సల్ఫొనైల్‌యూరియా మధుమేహ మాత్రలు గ్లూకోజ్‌తో నిమిత్తం లేకుండా ఈ చానెల్‌ను మూస్తాయి. వాటిని వేసుకుని వేళకు తినకపోతే చక్కెర పడిపోవడానికి కారణమిదే. డయాజాక్సైడ్ అనే మందు ఈ చానెల్‌ను తెరుస్తుంది. జన్యులోపం వల్ల చానెల్ మూసుకోకపోతే నవజాత శిశువుల్లో మధుమేహం, తెరుచుకోకపోతే పుట్టుకతోనే ఇన్సులిన్ అతిస్రావం కలుగుతాయి. 2004లో కేసీఎన్‌జే11 ఉత్పరివర్తనాలు బయటపడ్డాక, అలాంటి మధుమేహ శిశువుల్లో చాలామందికి ఇన్సులిన్ సూది మాని గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు ఇవ్వడం సాధ్యమైంది.