ఎడిసన్ పెంచిన బంగారు పువ్వు

ఉత్తర అమెరికాలో శరదృతువు రాగానే పొలముల అంచులలో పసుపుపచ్చని పూలగుత్తులు విరగబూయును. ఈ మొక్క పేరు గోల్డెన్‌రాడ్. ఇది మన చేమంతి కుటుంబమునకు చెందినదే. చలికి కాడలు ఎండిపోయినను, భూమిలోని కాండము బ్రతికియుండి వసంతమున మరల చిగురించును. ఇతర పుష్పములు అరుదైన ఆ దినములలో తేనెటీగలకు ఇది చలికాలపు నిల్వను సమకూర్చును. మెక్సికోకు వలసపోవు మొనార్క్ సీతాకోకచిలుకలకు దారిబత్తెమగును.

ఈ అడవి పూవును ఒకప్పుడు పరిశ్రమకై పెంచిరి. 1922 లో బ్రిటిష్ ప్రభుత్వము తన వలసలనుండి రబ్బరు ఎగుమతిని అదుపుచేయగా అమెరికాకు చిక్కు వచ్చినది. 1927 లో ఎడిసన్, ఫోర్డ్, ఫైర్‌స్టోన్‌లు కలిసి ఒక పరిశోధన సంస్థను స్థాపించిరి. అప్పటికి ఎడిసన్‌కు ఎనుబదేండ్లు. వేలకొలది మొక్కలను పరీక్షించి, ఆయన గోల్డెన్‌రాడ్‌ను ఎన్నుకొనెను. దీని ఆకులలో రబ్బరు కలదు. ఫ్లారిడాలోని ఫోర్ట్ మయర్స్ తోటలో మేలైనవానిని ఏరి పెంచి, సుమారు 12 అడుగుల ఎత్తు మొక్కలను సాధించెను. 1931 లో ఆయన మరణించెను. ఆ రబ్బరు నాణ్యత చాలలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కృత్రిమ రబ్బరు రంగమును ఆక్రమించినది.

ఈ పూవుపై ఒక అపవాదు కూడ కలదు: తుమ్ములు, జలుబు దీనివలననే యని. కాని దీని పుప్పొడి బరువైనది, జిగటైనది. గాలిలో ఎగురదు, కీటకములే మోయవలెను. అసలు దోషి అదే ఋతువున పూచు రాగ్‌వీడ్. దాని పూలు కంటికి ఆనవు. కనుకనే నింద కనబడు పూవుపై పడినది. కర్మాగారమునకు పనికిరాని ఈ మొక్క నేడు తేనెటీగలకై తోటలలో చోటు సంపాదించుకొన్నది.