ఆ మాటకు ఆధారం ఏది?

పరిశోధక విద్యార్థుల్లో చాలామందికి రిఫరెన్సుల జాబితా అంటే చివరి వారం పని. ఏళ్లు పట్టిన చదువంతా ఒక ఎత్తు, కామాలూ ఫుల్‌స్టాప్‌లూ సరిచేయడం ఒక్కటీ ఒక ఎత్తు. 2018లో యూజీసీ గ్రంథచౌర్య నిబంధనలు తెచ్చాక దానికి భయం కూడా తోడైంది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దాంతో ఆధారం చూపడమంటే సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా గట్టెక్కే ఉపాయమన్న అభిప్రాయం పాతుకుపోయింది. చరిత్ర చెప్పేది వేరు. పాఠకుడు మూలం దగ్గరికి వెళ్లి స్వయంగా సరిచూసుకోవాలనే ఆధారం చూపే పద్ధతి ఏర్పడింది. సరిచూసుకునే దారి మారినప్పుడల్లా చూపే తీరూ మారుతూ వచ్చింది.

ఇదంతా పడమటి విశ్వవిద్యాలయాలు మన నెత్తిన రుద్దిన తంతు అనేవాళ్లున్నారు. వాళ్లు మెదక్ ప్రాంతపు కొలిచెలమ మల్లినాథసూరి వ్యాఖ్యానాలు తెరిచి చూడాలి. కాళిదాసు, భారవి, మాఘుడి కావ్యాలకు టీక రాస్తూ ఆయన ఒక పదానికి అర్థం చెప్పగానే అది ఏ కోశంలో ఉందో చెబుతాడు. అమరకోశంలోదైతే ‘ఇత్యమరః’ అని ముగిస్తాడు. శ్లోకం సంఖ్య లేదు కదా, అదేం ఆధారమని అడగవచ్చు. ఆనాటి పాఠకుడికి అమరం కంఠస్థం. పేరు చెబితే చాలు, శ్లోకం నోటికొచ్చేది. తాటాకు ప్రతుల్లో ఒకదాని ఆకు సంఖ్య మరోదానితో కలవదు కాబట్టి అంతకు మించి చెప్పినా ప్రయోజనం ఉండేది కాదు.

అచ్చు వచ్చాక లెక్క మారింది. ఒకే ముద్రణలో వెలువడిన ప్రతులన్నిటిలో ఒక వాక్యం ఒకే పేజీలో ఉంటుంది కనుక పేజీ సంఖ్యకు విలువ వచ్చింది. పుస్తకాలూ ముంచెత్తాయి. 1545లో జ్యూరిక్ పండితుడు కాన్రాడ్ గెస్నర్ లాటిన్, గ్రీకు, హీబ్రూ గ్రంథాలకు ఒక మహాసూచి అచ్చువేశాడు. రాసుకున్నవాటిని చీటీలుగా కత్తిరించి, వరసలు మార్చుకునే పద్ధతిని మరో మూడేళ్లకు వివరించాడు. 1697లో పియర్ బేల్ తన చారిత్రక నిఘంటువులో అసలు రచనను మించి అధోజ్ఞాపికలు నింపి, పాత పుస్తకాల తప్పులను ఆధారాలతో ఎండగట్టాడు. 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ పెంకులేని నత్త మీద రాసిన వ్యాసంలో రచయిత పేరు, సంవత్సరం కుండలీకరణాల్లో ఇచ్చి, పూర్తి వివరాలు చివర పెట్టాడు. ఇవాళ విద్యార్థులు ఏపీఏ అంటూ పాటించే శైలికి మూలం అక్కడుంది.

తర్వాతి ప్రశ్న, ఒక రచనను ఆపైన ఎవరు వాడుకున్నారన్నది. అమెరికాలో ఒక కోర్టు తీర్పును తరువాతి తీర్పులు నిలబెట్టాయా, కొట్టేశాయా అని చూసుకోవడానికి 1873లో షెపర్డ్ సూచికలు మొదలయ్యాయి. వాటి స్ఫూర్తితో యూజీన్ గార్ఫీల్డ్ 1955లో విజ్ఞానశాస్త్రానికీ అలాంటిది కావాలని ప్రతిపాదించి, 1964 నాటికి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. గెస్నర్ చీటీల పని 1980లలో బిబ్‌టెక్, ఎండ్‌నోట్ సాఫ్ట్‌వేర్లతో కంప్యూటర్‌కెక్కింది. 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయ చరిత్ర కేంద్రం అలాంటిదే అయిన జొటెరోను ఉచితంగా విడుదల చేసింది. బ్రౌజర్‌లో ఒక్క నొక్కుతో వ్యాసం వివరాలు చేరతాయి, శైలి మార్చితే జాబితా అంతా దానంతటదే మారుతుంది.

ఇన్ని సౌకర్యాలిస్తే విద్యార్థి బద్ధకస్తుడవుతాడన్నది కొందరు గైడ్ల ఫిర్యాదు. కామాలు చేత్తో దిద్దినంత మాత్రాన పాండిత్యం రాదు. ఆ చాకిరీ యంత్రానికి వదిలేయడమే మేలు. వదలకూడనిది సరిచూసే పని. చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకునే లెక్కలో విశ్వనాథ సత్యనారాయణ ‘సత్యనారాయణ, వి.’ అయిపోతాడు. ఆ జాబితా పట్టుకుని వెతికేవాడికి ఏ సత్యనారాయణో తేలదు. విశ్వనాథను ఇంటిపేరు గడిలో వేస్తే జొటెరో సరిగానే చూపిస్తుంది, కానీ వేయాల్సింది తెలుగు తెలిసిన విద్యార్థే. సరిచూడకపోతే ఏమవుతుందో 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో తేలింది. చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైనవిగా దాఖలు చేసినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ ఆధారాలు రూపంలో అచ్చం అసలైనవాటిలాగే ఉన్నాయి. వెళ్లి చూద్దామంటే ఆ తీర్పులే లేవు.

ఒక్కో పత్రికకు ఒక్కో శైలి ఎందుకన్న విసుగు న్యాయమైనదే. ఆ గొడవను సాఫ్ట్‌వేర్ తీర్చగలదు కాబట్టే అధ్యాపకుల సమయం అసలు విషయం మీదికి మళ్లాలి. విశ్వవిద్యాలయాలు జొటెరో శిక్షణను థీసిస్ సమర్పించే ముందు కాక పీజీ మొదటి సెమిస్టర్‌లోనే పెట్టాలి. గైడు ప్రతి అధ్యాయంలో నాలుగైదు ఆధారాలు ఎంచి, ఆ పేజీ తెరిచి చూపించమని అడగాలి. చూపించగలిగిన విద్యార్థికి కామా తప్పినా మార్కులు తగ్గించనక్కర్లేదు. చూపించలేనివాడి జాబితా ఎంత అందంగా ఉన్నా వెనక్కి పంపాల్సిందే.