డాస్ ఎవరి సొత్తు? ఒక పాత తగవు చరిత్ర

1980ల చివరలో, 1990ల మొదట్లో ఉద్యోగంలో ఉన్న మన సభ్యులకు ఆ నల్లటి తెర గుర్తుండే ఉంటుంది. ఎడమ పక్క ఇంగ్లీషు 'ఏ' అక్షరం, దాని పక్కన ఒక కోణం గుర్తు, ఆ పక్కన మిణుకుమిణుకుమంటూ ఒక చిన్న గీత. చెప్పులు బయట విడిచి ఏ.సి. గదిలోకి వెళ్ళి, దాని ఎదుట కూర్చుని, ఏం కొట్టాలో తెలియక చేతులు కట్టుకున్న రోజులవి. దాని పేరు డాస్ అని చెప్పారు, మనమూ డాస్ అన్నాం. కాని ఆ అక్షరం, ఆ గుర్తు, డి.ఐ.ఆర్. అని కొడితే ఫైళ్ళ జాబితా రావటం, ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు మించరాదనటం, చుక్క తరువాత మరో మూడక్షరాలు ఉండటం, ఇవేవీ డాస్‌తో పుట్టినవి కావు. అంతకు ఏడేళ్ళ ముందు మొదలైన మరొక ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చినవి.

మన సమావేశాలలో కాఫీ వేళ ఈ ప్రసక్తి వస్తే ఇప్పటికీ రెండు పక్షాలు ఏర్పడతాయి. డాస్‌ను బిల్ గేట్స్ కనిపెట్టారనేవారు ఒక పక్షం. కాదు, దొంగిలించారనేవారు రెండో పక్షం. రెండు మాటలూ సరికావని నా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాను.

ఆ పాత సిస్టమ్ పేరు సి.పి./ఎం. మధ్యలో ఏటవాలు గీత ఉన్నది కనుక మిత్రులెవరూ రాజకీయ పార్టీ అని పొరబడనక్కర లేదు. దాన్ని వ్రాసినవారు గేరీ కిల్డాల్. 1942లో అమెరికాలోని సియాటిల్ నగరంలో పుట్టారు. వారి కుటుంబం అక్కడ నౌకాయాన విద్య నేర్పే పాఠశాల నడిపేది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకుని, కాలిఫోర్నియాలోని మాంటెరీలో అమెరికా నౌకాదళం వారి కళాశాలలో పాఠాలు చెప్పారు. తీరిక వేళల్లో ఇంటెల్ కంపెనీకి సలహాదారుగా పనిచేసి, 1973లో ఆ కంపెనీ చిప్పుల కోసం పి.ఎల్./ఎం. అనే కంప్యూటరు భాషను తయారు చేశారు. అప్పటికి చిన్న చిప్పులతో సొంత కంప్యూటరు అనే ఊహే చాలామందికి లేదు. 1974లో ఒక ఫ్లాపీ డ్రైవును చిప్పుకు జోడించి, మధ్యలో పని నడిపించే ప్రోగ్రాము వ్రాసి, పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్ళో పనిచేయించి చూపారు. అదే సి.పి./ఎం. ఇంటెల్ వారు దాని మీద ఆసక్తి చూపలేదు. దానితో భార్య డొరొతీ, ఆయన కలిసి డిజిటల్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టుకున్నారు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటని మనవళ్ళను అడగనక్కర లేదు. ఆఫీసులో హెడ్ గుమాస్తా చేసే పని అది. పై అధికారికి ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో తెలియదు, తెలియనవసరం లేదు. హెడ్ గుమాస్తాను అడిగితే తెచ్చి ఇస్తాడు. ప్రోగ్రాముకు కూడా ఫ్లాపీలో ఏ గీటు మీద ఏముందో తెలియనవసరం లేదు, సిస్టమ్‌ను అడిగితే చాలు.

కిల్డాల్ గొప్పతనం అంతటితో ఆగలేదు. అప్పట్లో కంప్యూటర్లు తయారు చేసే ప్రతి కంపెనీదీ ఒక్కో రకం యంత్రం. ఒకదానికి వ్రాసినది మరొకదానిలో నడవదు. 1977లో ఇమ్సాయ్ అనే కంపెనీ 25 వేల డాలర్లకు సి.పి./ఎం. హక్కు కొనుక్కున్నది. ఒక్కో యంత్రానికి మొత్తం ప్రోగ్రాము తిరగవ్రాయటం విసుగై, యంత్రంతో నేరుగా మాట్లాడే భాగాన్నంతా కిల్డాల్ ఒక చిన్న ముక్కగా విడదీశారు. దానికి బయాస్ అని పేరు పెట్టారు. కొత్త యంత్రం వస్తే ఆ ముక్క మాత్రం మార్చుకుంటే చాలు, మిగిలినదంతా యథాతథంగా నడుస్తుంది. వర్డ్‌స్టార్, డిబేస్ వంటి ప్రోగ్రాములు ముందు సి.పి./ఎం. మీదనే పుట్టి పెరిగాయి. కంట్రోల్, కె, ఎస్ మీటలు నొక్కి సేవ్ చేసుకున్నవారి వేళ్ళకు ఆ అలవాటు అక్కడిదే.

వాడటంలో చిక్కులు లేకపోలేదు. నకలు తీయటానికి పిప్ అనే ఆజ్ఞ ఉండేది. అందులో ఎక్కడికి వెళ్ళాలో ముందు, ఎక్కడి నుంచో తరువాత కొట్టాలి. డాస్‌లో కాపీ ఆజ్ఞ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఒకటి నేర్చి రెండోదానికి మారినవారు మంచి ఫైలును పాడు ఫైలుతో చెరిపేసుకోవటం ఎంత సులువో ఊహించండి. ఇక ఫ్లాపీ మార్చి, కంట్రోల్ సి కొట్టటం మరచిపోయి సేవ్ చేయబోతే యంత్రం ఒక ముక్కలో తప్పు చెప్పి ఊరుకునేది. అప్పటిదాకా టైపు చేసినదంతా గంగపాలు.

ఇప్పుడు అసలు తగవుకు వద్దాం. 1980 నాటికి ఇంటెల్ 8086 అనే కొత్త చిప్పు బజారులో ఉంది. సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ అనే చిన్న కంపెనీ దానితో కార్డు తయారు చేసి, సి.పి./ఎం. కొత్త రూపం ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూసింది. రాలేదు. ఆ కంపెనీలో టిమ్ పేటర్సన్ అనే యువ ఇంజనీరు 1980 ఏప్రిల్‌లో తానే ఒకటి వ్రాయటం మొదలుపెట్టారు. హడావిడిగా తయారైన చవకబారు సరుకు అనే అర్థం వచ్చేలా దానికి క్యూడాస్ అని పేరు పెట్టుకున్నారు. సి.పి./ఎం. మాన్యువల్ ఎదురుగా పెట్టుకుని, ప్రోగ్రాములు సిస్టమ్‌ను అడిగే పద్ధతి అదే ఉండేలా చూశారు. పాత ప్రోగ్రాములను కొత్త చిప్పుకు తేలికగా మార్చుకోవాలన్నది ఉద్దేశం. ఫ్లాపీ మీద ఫైళ్ళు దాచే పద్ధతి మాత్రం మార్చారు. అందుకు మైక్రోసాఫ్ట్ వారి బేసిక్‌లో వాడిన పట్టిక పద్ధతిని తీసుకున్నారు.

అదే సంవత్సరం ఐ.బి.ఎం. వారు రహస్యంగా పర్సనల్ కంప్యూటరు తయారు చేస్తూ, బేసిక్ కోసం మైక్రోసాఫ్ట్‌కు వెళ్ళారు. ఆపరేటింగ్ సిస్టమ్ కావాలంటే గేట్స్ వారిని కిల్డాల్ దగ్గరకు పంపారు. ఆ రోజు ఏం జరిగిందన్నది పెద్ద కథ అయి కూర్చుంది. ఐ.బి.ఎం. వారు వచ్చి గుమ్మంలో నిలుచుంటే కిల్డాల్ సొంత విమానంలో షికారుకు వెళ్ళారనీ, అదృష్టలక్ష్మి తలుపు తట్టి వెనుదిరిగిందనీ చెప్పుకుంటారు. నిజానికి ఆయన ఒక ఖాతాదారును కలవటానికి పని మీదనే వెళ్ళారు. ఒప్పందాల వ్యవహారం మొదటి నుంచి డొరొతీ గారు చూసేవారు, ఆ రోజూ ఆమే చూశారు. ఐ.బి.ఎం. వారు ముందుగా సంతకం పెట్టమన్న గోప్యతా పత్రం దగ్గర పేచీ వచ్చింది. మధ్యాహ్నానికి తిరిగివచ్చి తానూ చర్చలో కూర్చున్నానని కిల్డాల్ అన్నారు. ఐ.బి.ఎం. పక్షాన వచ్చిన జాక్ శామ్స్ తనకు అలా గుర్తులేదన్నారు. ఏకమొత్తం ఇచ్చి చేతులు దులుపుకోవాలని ఐ.బి.ఎం. వారికి, ప్రతి ఒక్క కాపీకి ఇంత అని రాబట్టాలని డిజిటల్ రీసెర్చ్ వారికి ఉండటం వల్ల బేరం తెగలేదన్నది కిల్డాల్ పక్షం మాట. నాకు ఇదే నమ్మదగినదిగా తోస్తుంది. జీవితకాలం సర్వీసు చేసిన మనిషి యోగ్యతను ఒక పూట హాజరు పట్టీ చూసి నిర్ణయించటం మన ఆఫీసుల్లో కూడా ఎవరూ ఒప్పుకోరు కదా!

ఐ.బి.ఎం. వారు తిరిగి గేట్స్ దగ్గరకే వచ్చారు. మైక్రోసాఫ్ట్ 1980 డిసెంబరులో పేటర్సన్ గారి సిస్టమ్‌కు 25 వేల డాలర్లతో లైసెన్సు పుచ్చుకుని, 1981 జూలైలో మరో 50 వేలు చెల్లించి పూర్తి హక్కులు కొనేసింది. కొనేది ఐ.బి.ఎం. కోసమని అమ్మినవారికి చెప్పలేదు. ఈ వ్యవహారం మీద తరువాత ఆ చిన్న కంపెనీ దావా వేస్తే, 1986లో 9 లక్షల 25 వేల డాలర్లకు రాజీ కుదిరింది.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. పి.సి. విడుదలైంది. డాస్‌లో తన సి.పి./ఎం. పోలికలు చూసి కిల్డాల్ అభ్యంతరం చెప్పారు. కోర్టుకు వెళ్ళకుండా ఐ.బి.ఎం. వారు ఒక మార్గం చూపారు. సి.పి./ఎం. కొత్త రూపాన్ని కూడా తమ జాబితాలో పెట్టి అమ్ముతామన్నారు. ఆయన ఒప్పుకున్నారు. తీరా చూస్తే డాస్ ధర 40 డాలర్లు, సి.పి./ఎం. ధర 240 డాలర్లు. పైగా అది బజారుకు వచ్చేసరికి 1982 వచ్చేసింది. ఏది కొంటారో చెప్పటానికి జ్యోతిష్కుడు అక్కర లేదు. 1983 జనవరిలో లోటస్ 1-2-3 డాస్ మీద రావటంతో వ్యాపార సంస్థలన్నీ అటే మొగ్గాయి.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మైక్రోసాఫ్ట్ తన సిస్టమ్‌ను ఇతర కంపెనీలకు అమ్ముకునే హక్కు అట్టేపెట్టుకున్నది. కాంపాక్ వంటి కంపెనీలు ఐ.బి.ఎం. బయాస్‌ను పోలిన బయాస్‌ను సొంతంగా వ్రాసుకుని, నకలు యంత్రాలు తయారు చేసి, వాటిలో అదే డాస్‌ను నడిపించాయి. ఈ వ్యాపారమంతా దేని మీద నిలబడింది? యంత్రపు భాగాన్ని వేరు చేసిన కిల్డాల్ ఆలోచన మీద! ఆయన వేసిన దారిలోనే ఎదుటివారి బండి వెళ్ళింది.

ఇక దొంగతనం సంగతి. 2004లో వచ్చిన ఒక పుస్తకంలో తన పనిని నకలుగా చిత్రించారని పేటర్సన్ పరువునష్టం దావా వేయగా, 2007లో కోర్టు దాన్ని కొట్టివేసింది. 2012లో బాబ్ జైడ్‌మన్ అనే నిపుణుడు రెండింటి కోడ్‌నూ పోల్చి చూసి, సి.పి./ఎం. కోడ్‌ను ఎత్తివ్రాసినట్లు ఆధారాలు లేవని, అడిగే పద్ధతిలో మాత్రం పోలికలు ఉన్నాయని తేల్చారు. అంటే పేటర్సన్ ఇల్లు తానే కట్టారు, ప్లాను మాత్రం కిల్డాల్‌ది. ఆ మాటకొస్తే కిల్డాల్ కూడా డెక్ కంపెనీ పెద్ద యంత్రాల అలవాట్లు కొన్ని తెచ్చుకున్నవారే. వ్యాపారంలో ఆయనకు చురుకు తక్కువ, కొత్త వస్తువు తయారు చేయటం మీద ఉన్న ధ్యాస అమ్మటం మీద లేదు. ఇది కూడా ఒప్పుకోవాలి. అయినా ప్లాను గీసినవారి పేరు గోడ మీద ఎక్కడా లేకపోవటం న్యాయం కాదు.

మన దేశానికి ఈ యంత్రాలు ఎక్కువగా రావటం 1984 నవంబరులో ప్రకటించిన కంప్యూటరు విధానం తరువాతనే. అప్పటికి అమెరికాలో పోటీ తేలిపోయింది కనుక మనకు వచ్చినవి చాలావరకు డాస్ యంత్రాలే. వాటికి ఇంగ్లీషు తప్ప మరోటి రాదు. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై తరువాత పుణెలోని సి-డాక్‌కు చేరిన పరిశోధన వల్ల జిస్ట్ కార్డు వచ్చింది. ఆ కార్డును పి.సి.లో అమరిస్తే డిబేస్, వర్డ్‌స్టార్ వంటివి మార్చనక్కర లేకుండానే తెర మీద తెలుగు అక్షరాలు కనిపించేవి. 1991లో ఇస్కీ ప్రమాణం స్థిరపడింది. ఇంగ్లీషు అక్షరాల స్థానాలు అలాగే ఉంచి, ఖాళీగా ఉన్న మిగతా సగంలో మన లిపులను కూర్చోబెట్టారు.

2000ల దశకంలో మనలో చాలామందికి వచ్చిన ఒక ఈ-మెయిలు గుర్తుందా? కంప్యూటరులో సి.ఓ.ఎన్. అనే పేరుతో ఫోల్డరు తెరవలేమని ఒక భారతీయుడు కనిపెట్టాడనీ, కారణం మైక్రోసాఫ్ట్‌కే తెలియదనీ అందులో ఉండేది. నేనూ ప్రయత్నించాను, విండోస్ ఒప్పుకోలేదు. కారణం తెలియకపోవటమేమిటి! సి.పి./ఎం.లో మీటల పలకకూ తెరకూ కలిపి పెట్టిన పేరు అది. డాస్ తీసుకున్నది, డాస్ నుంచి విండోస్‌కు సంక్రమించింది. హార్డ్ డిస్కుకు సి అక్షరం రావటం కూడా ఇటువంటిదే. ఏ, బి అనే పేర్లు ఫ్లాపీలకు కేటాయించి ఉండేవి. ఫ్లాపీలు పోయాయి, వాటి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

డిజిటల్ రీసెర్చ్ అంత తేలికగా వదలలేదు. డాస్ ప్రోగ్రాములన్నీ నడిచే డి.ఆర్.డాస్‌ను 1988లో తెచ్చింది. 1990లో వచ్చిన దాని అయిదో రూపం మెమరీ వాడకంలో అప్పటి ఎం.ఎస్.డాస్ కంటే మెరుగు. మైక్రోసాఫ్ట్ అయిదో రూపం 1991 జూన్‌లో గాని రాలేదు. ఆ ఏడాది చివర పరీక్షకు ఇచ్చిన విండోస్ 3.1లో ఒక రహస్య కోడ్ ఉంది. కింద ఉన్నది ఎం.ఎస్.డాస్ కాకపోతే అర్థం కాని తప్పు సందేశం చూపేది. అమ్మకానికి వచ్చినదానిలో దాన్ని పనిచేయకుండా చేశారు గాని తీసివేయలేదు. దీనితో సహా అనేక ఫిర్యాదులతో, తరువాత ఆ హక్కులు కొన్న కాల్డెరా కంపెనీ 1996లో దావా వేసింది. 2000 జనవరిలో రాజీ కుదిరింది. ఎంతకన్నది 2009లో గాని బయటకు రాలేదు: 28 కోట్ల డాలర్లు.

కిల్డాల్ ఆ రాజీ చూడలేదు. 1991లో కంపెనీని నోవెల్‌కు అమ్మివేశారు. 1992లో ఆయన చదివిన విశ్వవిద్యాలయం వారు కంప్యూటర్ సైన్స్ విభాగం 25 ఏళ్ళ ఉత్సవానికి పూర్వ విద్యార్థిగా రమ్మని పిలిచారు. ప్రధాన ప్రసంగం మాత్రం అక్కడ ఎన్నడూ చదవని గేట్స్‌కు ఇచ్చారు. సన్మాన సభల మర్యాదలు తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. ఆ బాధతోనే తన జ్ఞాపకాలు వ్రాయటం మొదలుపెట్టారు. 1994 జూలైలో 52వ ఏట మరణించారు. ఆ వ్రాతప్రతిలో కొంత భాగం కుటుంబం అనుమతితో 2016లో వెలుగు చూసింది.

2014 ఏప్రిల్‌లో పసిఫిక్ గ్రోవ్‌లో డిజిటల్ రీసెర్చ్ పూర్వ కార్యాలయం ముందు ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. వారు ఒక ఫలకం వేయించారు. అందులో సి.పి./ఎం.తోబాటు బయాస్ పేరు కూడా చెక్కారు. అదే సంవత్సరం కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియం వారు మార్చిలో ఎం.ఎస్.డాస్ తొలి రూపాల కోడ్‌ను, అక్టోబరులో సి.పి./ఎం. తొలి రూపాల కోడ్‌ను అందరూ చూసేందుకు బయటపెట్టారు. కాఫీ వేళ వాదించే ఉభయ పక్షాల మిత్రులూ ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు.