బంతిలో చోటు

ఊరిపేరుకు కోట, గుట్ట, పేట చేరడం మనకు అలవాటే. రైలుస్టేషను చేరడం మాత్రం అరుదు. ఓరుగల్లు సీమలో ఘన్‌పూర్ అనే పేరు ఒకటికి మించిన ఊళ్ళకుంది. ములుగు వైపున్న ఘన్‌పూర్‌లో కాకతీయుల నాటి కోటగుళ్ళుంటే, జనగామకూ కాజీపేటకూ నడుమ ఉన్న ఘన్‌పూర్‌లో రైలు ఆగుతుంది. అందుకే అది స్టేషన్ ఘన్‌పూర్ అయింది. 1886లో సికింద్రాబాదు నుండి వరంగల్లు దాకా వచ్చిన నిజాం రైలుమార్గం, 1889 నాటికి దోర్నకల్లు మీదుగా బెజవాడను చేరింది. ఆ పట్టాల మీద సింగరేణి బొగ్గు నడిచిన కథ అందరికీ తెలిసినదే. ఆ దారినే వచ్చిన ఒక తమిళుని కథ మన సాహిత్యమిత్రులలో ఎందరికి తెలుసో!

ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో, ఒక పల్లెటూరి క్రైస్తవ గురువు ఇంట పుట్టాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం లేకుండా పెళ్ళాడాడు. అన్బు అంటే తమిళంలో ప్రేమ. ఆ రోజుల్లో దక్షిణాదిన కళాశాల చదువు చదివిన కొద్దిమంది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. సువార్త తెచ్చేవాడు తెల్లవాడే కానక్కరలేదన్నది వారి పట్టుదల. వారు ఎంచుకున్న పొలం తెలుగు నేల, నిజాం రాజ్యంలోని దోర్నకల్లు. సంఘస్థాపకులలో ఒకడైన అజరయ్య 1909లో తానే అక్కడికి తరలివచ్చాడు. ముప్పయ్యయిదో యేట పరభాషలో బోధించడానికి సిద్ధపడడం చిన్న సంగతి కాదు.

మరుసటి యేడు, 1910 జూన్‌లో, ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది ప్రతినిధులలో ఆసియా వాళ్ళు ఇరవై మంది లోపే. విదేశీ మిషనరీలకూ దేశీయ సేవకులకూ ఉండవలసిన సంబంధం గురించి మాట్లాడమని అజరయ్యను పిలిచారు. పిలిచినవారికి మెప్పుమాటలు వినాలని ఉండి ఉంటుంది. ఆయన త్యాగాలను కాదనలేదు. బీదలకు ఆస్తి పంచారని, ప్రాణాలే ఇచ్చారని ఒప్పుకున్నాడు. అయితే ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన భారతీయుణ్ణి తమ ఇంటికి భోజనానికి పిలవని మిషనరీలున్నారని నిండు సభలో అన్నాడు. మాకు స్నేహితులు కావాలి, స్నేహితులనివ్వండి అన్నదే ఆ ప్రసంగం సారం. సభలో కొందరికి అది మింగుడుపడలేదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. యేసు తన శిష్యులను దాసులనక స్నేహితులని పిలిచినట్లు యోహాను సువార్త చెబుతుంది. దాసునికి జీతమిస్తే చాలు, బీదకు దానమిస్తే చాలు. స్నేహితునికో? మన బంతిలో చోటివ్వాలి. దానంలో ఇచ్చేవాడి చేయి పైన ఉంటుంది. బంతిలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు. అజరయ్య అడిగినది ఆ నేల.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘానికి భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. పదవితోపాటు ఎడింబరోలో తాను వేసిన ప్రశ్న ఆయన వెంటే దోర్నకల్లు వచ్చింది. ఈసారి జవాబు చెప్పవలసినవాడు తానే! ఆయన సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరు ఇద్దరినీ వెలివేసింది. వెలిలోనూ రెండు వాడలు, రెండు బావులు. ప్రభు భోజనపు పాత్ర ఒక్కటే. ఆ పాత్రనుండి ఇద్దరూ తాగాలని ఆయన పట్టుబట్టాడు. గుడిలో కుదిరినది పెళ్ళి సంబంధాల దగ్గర అంత తేలికగా కుదరలేదని ఒప్పుకోవాలి. పెద్దరికంతో శాసించే స్వభావం ఆయనలోనూ ఉండేది. స్నేహమడిగినవాడు బిషప్పు కుర్చీలో కూర్చున్నాక అందరికీ స్నేహితుడుగా మిగలడం కష్టమే కాబోలు.

పల్లెల్లో అన్బమ్మ స్త్రీల మధ్య పనిచేసింది. బాప్తిస్మం పొందేవారు తలమీద చేయి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని ఒట్టుపెట్టుకునేవారు. చదువురాని కూలివాడికి కూడా పొరుగువాడికి చెప్పవలసిన మాట ఒకటి ఉందని ఆ ఒట్టు అర్థం. 1930లలో కొన్ని శూద్రకులాలవారు సంఘంలో చేరసాగారు. మాల మాదిగ పొరుగువారి బ్రతుకులలో వచ్చిన మార్పు చూసి వచ్చారని అజరయ్య వాదన. గాంధీజీ ఆ మాట నమ్మలేదు. ఇరువురి మధ్యా వాదం నడిచింది. ఎవరి పక్షమైనా కానివ్వండి, మాలవాడ జీవితం ఊరికి ఆదర్శమయిందని ఒకరు అనగలగడమే ఆ కాలానికి విడ్డూరం.

ఏళ్ళ తరబడి కట్టిన దోర్నకల్లు పెద్దగుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠితమయింది. మసీదును తలపించే గుమ్మటాలు, మన గుళ్ళ మండపాన్ని తలపించే స్తంభాలు, వాటి మధ్య సిలువ. 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశాడు. వేర్వేరు మిషన్ల సంఘాలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడిలో కూర్చున్న పెద్దలలో ఆయనా ఒకడు. ఆ దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. చూడడానికి ఆయన లేడు. హనుమకొండలో 1879 నుండి పాతుకున్న బాప్తిస్టులు అందులో చేరలేదు. ఒకే రైలుదారి మీద ఇటు బాప్తిస్టు సంఘాలు, అటు దోర్నకల్లు అధ్యక్ష మండలం వేర్వేరుగానే సాగుతూ వచ్చాయి.