మొబైల్ తెరపై తెలుగు అక్షరం: సాంకేతిక పరిణామం, రూపకల్పన సమస్యలు

వ్యాస సంగ్రహం:
మొబైల్ తెరపై తెలుగును సాఫీగా చదవగలిగే స్థితి ఒక్కసారిగా ఏర్పడింది కాదు. సంకేతీకరణ, అక్షర చిత్రణ, పుట అమరిక అనే మూడు దశలుగా సాగిన ఆ పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలి రెండు దశల సమస్యలు చాలావరకు తీరినా, అమరికలో అక్షరాన్ని ప్రమాణంగా గ్రహించకపోవడం నేటికీ మిగిలిన లోపమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యూనికోడ్, అక్షరం, వత్తు, మొబైల్, పుట అమరిక.

1. ఉపోద్ఘాతం:
తెలుగు చదువరి కన్ను అక్షరాన్ని గుర్తిస్తుంది. యంత్రం సంకేతాలను లెక్కిస్తుంది. 'స్త్రీ' అన్నది పాఠకునికి ఒకే అక్షరం. కంప్యూటరుకు మాత్రం సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలు. మొబైల్‌లో తెలుగుకు ఎదురైన చిక్కులలో అధికభాగం ఈ రెండు లెక్కల మధ్య ఉన్న అంతరం నుంచే పుట్టాయి.

2. సంకేతీకరణ దశ:
1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు 128 స్థానాల పట్టిక ఏర్పడింది. అయినప్పటికీ తొలినాటి తెలుగు వార్తాపత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లనే ఆశ్రయించాయి. ఆంగ్ల అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకృతులను అమర్చడం వాటి పద్ధతి. ఫాంటు లేని యంత్రంలో ఆ పాఠ్యం అర్థంలేని గుర్తులుగా కనిపించేది. వెతికినా దొరికేది కాదు. కొత్త ఫాంటును చేర్చుకునే వీలులేని ఫోనుకు ఆ పుటలు పూర్తిగా మూతపడ్డాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, ఆ తరువాత విస్తరించిన బ్లాగులు యూనికోడ్‌ను వాడుకలోకి తెచ్చాయి.

సంక్షిప్త సందేశాల్లో మరొక ఇబ్బంది ఎదురైంది. ఒక సందేశానికి కేటాయించిన 140 బైట్లలో ఆంగ్లానికి 160 అక్షరాలు పడితే, యూనికోడ్ తెలుగుకు 70 సంకేతాలే పడతాయి. 'రాష్ట్రం' అనే రెండక్షరాల మాటకే ఎనిమిది సంకేతాలు ఖర్చవుతాయి. తెలుగు మాటలను రోమన్ లిపిలో రాసే అలవాటు వెనుక ఇటువంటి ఆర్థిక కారణం కూడా ఉంది.

3. అక్షర చిత్రణ దశ:
సంకేతం ఉన్నంత మాత్రాన అక్షరం ఏర్పడదు. వత్తును హల్లు కిందికి, గుడిని తలపైకి చేర్చగల చిత్రణ వ్యవస్థ అవసరం. అది లేని ఫోన్లలో తెలుగు పాఠ్యం ఖాళీ డబ్బాలుగా మిగిలేది. ఆ కాలంలో ఒపెరా మినీ విహారిణి ఒక ఉపాయాన్ని అందించింది. అందులోని అమరికను మార్చుకుంటే, సంక్లిష్ట లిపుల పాఠ్యం సర్వరులోనే బొమ్మలుగా మారి ఫోనుకు చేరేది. చదవడం సాధ్యమైంది, ఆ పాఠ్యాన్ని నకలు తీసుకోవడం సాధ్యం కాలేదు.

2012లో ఆండ్రాయిడ్ 4.1 కన్నడ, మలయాళాలతోపాటు తెలుగును చేర్చుకుంది. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన ఐఎస్ 16333 మూడవ భాగం, ఫోన్లు 22 అధికార భాషల పాఠ్యాన్ని చూపగలగాలని నిర్దేశించింది. అయినా చిక్కులు పూర్తిగా సమసిపోలేదు. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' అక్షరంలో కంటికి కనబడని విభజన సంకేతం చేరినప్పుడు ఐఫోన్ అనువర్తనాలు ఆగిపోయాయి. ఆ నెల 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 ఆ లోపాన్ని సరిదిద్దింది. లిపి స్వభావాన్ని సాఫ్ట్‌వేర్ ఇంకా పూర్తిగా గ్రహించలేదనడానికి ఈ ఉదంతమే నిదర్శనం.

4. అమరిక దశ:
తెర వెడల్పును బట్టి పుట తనంతట తాను మారే రూపకల్పన విధానాన్ని 2010లో ఈథన్ మార్కాట్ ప్రతిపాదించాడు. ఆ విధానం వెడల్పు సమస్యకు ప్రధానంగా సమాధానం చెప్పింది. తెలుగుకు ఎత్తు కూడా సమస్యే. 'ష్ట్రీ' వంటి అక్షరం కిందికీ పైకీ పెరుగుతుంది. ఆంగ్లానికి సరిపోయే ఎత్తుతో గీసిన మీటలలో, శీర్షికల గడులలో వత్తులు తెగిపోతాయి. పంక్తుల ఎడాన్ని అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పెంచినా పాఠ్యం చెడకూడదని 2018 నాటి అంతర్జాతీయ వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు సూచించాయి. తెలుగుకు ఆ ఎడం సౌలభ్యం కాదు, కనీసావసరం.

రెండవది పదాల నిడివి. 'చేయలేకపోయినప్పటికీ' వంటి క్రియారూపం ఇరుకు తెరపై ఒక పంక్తిని దాదాపు నింపుతుంది. ఇరువైపులా అంచులు సమం చేస్తే మాటల మధ్య పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. అచ్చు పుస్తకాల్లో మాటను అక్షరం వద్ద విరిచి తరువాతి పంక్తికి తీసుకుపోవడం పరిపాటి. తెరపై ఆ సంప్రదాయం కొనసాగాలంటే విరుపు అక్షరం అంచునే పడాలి. శీర్షికను కుదించే ప్రోగ్రాము సంకేతాలను లెక్కపెట్టి కోస్తే, 'రాష్ట్రం' కాస్తా 'రాష్ట్'గా మిగులుతుంది.

మూడవది అన్యదేశ్యాల లేఖనం. 'ఫోన్‌లో', 'ఫోన్లో' అనే రూపాల మధ్య భేదం విభజన సంకేతం ఒక్కటే. పాఠకునికి రెండూ ఒకే మాట. వాటిని సమానంగా గుర్తించని వెదుకులాటలో ఒక రూపం అడిగినవారికి రెండవది దొరకదు.

ఈ చిక్కులను తప్పించుకోవడానికి తెలుగు పాఠ్యాన్ని బొమ్మగా మార్చి పెట్టడం నేడు సర్వసాధారణమైంది. ఒపెరా మినీ కాలంలో అది విధిలేని ఏర్పాటు, నేడది అలవాటు. బొమ్మలోని అక్షరాలను పెద్దవి చేస్తే తెర దాటిపోతాయి. ప్రత్యామ్నాయ పాఠ్యం జతచేయకపోతే, చూపులేనివారు వాడే తెరచదువరి ఉపకరణానికి అందులోని విషయం చేరదు.

5. ముగింపు:
సంకేతీకరణను ప్రమాణ సంస్థలు, చిత్రణను ఫోను తయారీదారులు చాలావరకు పరిష్కరించారు. అమరిక మాత్రం తెలుగు వెబ్‌సైట్లు రూపొందించేవారి చేతిలోనే ఉంది. గడి ఎత్తును వత్తుతో కొలవడం, మాటను అక్షరం వద్దనే విరవడం, పాఠ్యాన్ని పాఠ్యంగానే ఉంచడం కొత్త సాంకేతికతను కోరే పనులు కావు. వీటిని పాటించని పుటలో ముందుగా నష్టపోయేది ఆంగ్లంలోకి మళ్లే అవకాశం లేని తెలుగు చదువరి.