బొమ్మ వెనక చీటీ

పాత పత్రికాఫీసుల్లో ఫోటోను తిరగేస్తే కథంతా వెనకే ఉండేది. ఎవరు, ఎక్కడ, ఏ రోజు అని టైపు చేసి అంటించిన చీటీ అది. 1935 జనవరి 1న అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తీగ మీద బొమ్మలు పంపే వైర్‌ఫోటో సేవ మొదలుపెట్టింది. తొలి బొమ్మ అమెరికాలోని ఆడిరాండాక్ కొండల్లో కూలిన విమానానిది. తీగ మీద వెళ్ళేది బొమ్మ ముందు భాగమే కదా, మరి వెనక చీటీ ఎలా వెళ్తుంది? వివరాలు టైపు చేసిన కాగితపు పట్టీని బొమ్మ అంచుకే చేర్చి, రెండింటినీ కలిపి పంపేవారు.

కంప్యూటర్లు వచ్చాక ఆ చీటీ మళ్ళీ తప్పిపోయింది. డిజిటల్ ఫోటోకు వెనకవైపంటూ లేదు. ఫైలు పేరులోనే వివరం ఇరికిద్దామంటే, డాస్ కాలంలో పేరుకు దక్కేవి 8 అక్షరాలే. సరేనని వివరాలను విడిగా డేటాబేస్‌లో రాసుకున్నారు. ఆఫీసులో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. గడప దాటిందంటే ఆ ఫోటో పేరూ ఊరూ లేనిదైపోయేది.

1965లో ఏర్పడిన ఐపీటీసీ, అంటే అంతర్జాతీయ పత్రికా టెలికమ్యూనికేషన్ల మండలి, ఈ చిక్కుముడి పట్టుకుంది. 1990ల తొలినాళ్ళలో వార్తనూ బొమ్మనూ వివరాలతో సహా మోసుకెళ్ళే కవరులాంటి నమూనా తయారుచేసింది. తీసినవారి పేరుకో గడి, ఊరికో గడి, కీవర్డ్‌లకో గడి. కీవర్డ్‌లు ఎన్నైనా పెట్టొచ్చు, ఒక్కొక్కటి 64 బైట్లు మించకూడదు. ఎంత ఓపిగ్గా ఆలోచించారో! అయినా కథను మలుపు తిప్పింది ఆ కవరు కాదు, అందులోని గడులు.

ఆ దశాబ్దం నడుమ అడోబీ ఫోటోషాప్ వాటిలో కొన్నింటిని తీసుకుని ఫోటో ఫైలు లోపలే దాచింది. ఎవరికి ఏ అవసరం వస్తుందోనని జేపెగ్ రూపకర్తలు ఫైలులో కొన్ని అరలు ఖాళీగా వదిలారు. బొమ్మను చూపే సాఫ్ట్‌వేర్ తనకు తెలియని అరను దాటుకుపోతుంది. వాళ్ళు వదిలిన ఖాళీయే వీళ్ళు వెతికిన చోటైంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

తెలుగుకు మాత్రం ఇంకో అడ్డంకి మిగిలింది. 64 బైట్లంటే ఇంగ్లీషుకు 64 అక్షరాలు. యూనికోడ్‌లో సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు గుణింతమైనా పొల్లయినా విడివిడిగా మూడేసి బైట్లు. భద్రాచలం ఫోటోకు ‘శ్రీరామనవమి కల్యాణోత్సవం’ అని కీవర్డ్ పెడితే 70 బైట్లవుతుంది. 64 దగ్గర ఆపితే చివరి ‘వం’ తెగిపోతుంది. 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్‌ఎంపీ అనే పద్ధతి ఆ కీవర్డ్‌ల గడిని యూనికోడ్‌లో, కొలత పెట్టకుండా మళ్ళీ కట్టింది. ఇప్పుడు లైట్‌రూమ్, డిజికామ్ లాంటి ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఆ మాటను సున్నాతో సహా రాసుకోవచ్చు. పక్కనే తలంబ్రాలు, మిథిలా స్టేడియం అని కూడా.