బొగ్గు, బకెట్టు, ఫెవిక్విక్

మన ఫీల్డులో ప్యాచ్ అనే మాట వినని రోజుండదు. తెలుగులో దానికి ఎప్పట్నుంచో చక్కటి పదముంది, మాటు. ఇత్తడి బిందెకి చిల్లుపడితే మాటు వేయించేవాళ్ళు. ఇత్తడి పోయి ప్లాస్టిక్ వచ్చాక ఆ పని జిగురు మీద పడింది. గోదావరిఖని వైపు నుంచి చూస్తే ఈ జిగురు కథ భలే ఉంటుంది.

తొలితరం ప్లాస్టిక్కి పుట్టిల్లు బొగ్గే మరి! 1907లో బేక్‌లాండ్ తయారుచేసిన బేకలైట్‌కి కావలసిన ఫినాల్‌ని అప్పట్లో బొగ్గు తారు నుంచే తీసేవాళ్ళు. అన్నట్టు, రామగుండం ఎరువుల కర్మాగారంలో 1980 నుంచి 1999లో మూతపడేదాకా బొగ్గుతోనే యూరియా చేశారు (2021లో మళ్ళీ మొదలైంది గ్యాస్‌తో). ఆ యూరియా పొలాలకే వెళ్ళిందనుకోండి. కానీ యూరియాకి ఫార్మాల్డిహైడ్ కలిపితే వచ్చేది ప్లైవుడ్ అతికించే జిగురు!

ఇక ఫెవిక్విక్ జాతి జిగురు సంగతి. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి అద్దాలకి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే సయనోఅక్రిలేట్ తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పడేశారు. 1951లో అదే గుణం పనికొస్తుందని వెలిగింది, 1958లో అమ్మకానికొచ్చింది. బగ్గే ఫీచర్ అయిందన్నమాట.

మరి అది బకెట్టుకి ఎందుకు పట్టదు? బకెట్లు ఎక్కువగా పాలిథీన్, పాలిప్రొపిలీన్‌లతో చేస్తారు. వాటి మీద జిగురు తామరాకు మీద నీటిబొట్టే, పరుచుకోదు. రిమోట్ డబ్బాల్లాంటి ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే ఇట్టే అతుకుతుంది. పీవీసీ పైపుల సొల్యూషన్ ఇంకో రకం, రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. బకెట్టుకి మాత్రం కాల్చిన ఇనుపకడ్డీతో కరిగించి అతకడం ఒక మార్గం.

జిగురుని నమ్మి ప్రాణాలు పెట్టే చోటు కూడా ఉంది. భూగర్భ గనుల్లో కప్పు కూలడం పాత శత్రువు. ఒకప్పుడు కర్ర దిమ్మెలు నిలబెట్టి ఆపేవాళ్ళు. తర్వాత రూఫ్ బోల్టులొచ్చాయి. కప్పులోకి రంధ్రం వేసి, సిమెంటు లేదా రెజిన్ క్యాప్సూల్ పెట్టి, ఉక్కు కడ్డీ దింపుతారు. అది గట్టిపడి రాతి పొరల్ని కలిపి కుట్టేస్తుంది. పైనున్న కొండంత బరువు కింద మనిషి పనిచేసుకుంటాడు.

అదే గనిలో హెల్మెట్ పగిలితే మాత్రం జిగురు పెట్టకూడదు, మార్చాల్సిందే. పైకి అతికినట్టే కనిపిస్తుంది గానీ, దెబ్బని మింగే శక్తి తిరిగి రాదు. పైగా కొన్ని జిగుర్లలోని ద్రావకాలు ఆ ప్లాస్టిక్‌నే బలహీనపరుస్తాయి. మన బైకు హెల్మెట్టుకీ ఇదే లెక్క.

బోల్టుకి పెట్టే జిగురు డిజైన్‌లో భాగం, లెక్కకట్టి పెట్టింది. హెల్మెట్‌కి పూసేది కొత్తది కొనడం వాయిదా వేయడం. మీ హెల్మెట్ ఒకసారి తీసి చూసుకోండి. పగులుంటే దానికి ప్యాచ్ వద్దు.